ఇంటి హాట్ సాస్‌ను అమ్మకానికి తేవాలంటే: ఏ రకం సాస్, ఎక్కడ తయారీ, ఎవరికి ఏది నప్పుతుంది

ఇంట్లో చేసిన హాట్ సాస్‌ను రుచి చూసినవారు ఒకరి తర్వాత ఒకరు "ఇది అమ్మితే బాగా పోతుంది" అనడం మొదలుపెట్టాక, చేసేవారి ఆలోచన పేరు మీదికి, లేబుల్ మీది బొమ్మ మీదికి, ఎక్కడ అమ్మాలన్న ప్రశ్న మీదికి మళ్లుతుంది. ఈ వ్యాపారంలో అవన్నీ చివర తేల్చుకోవలసినవి. అన్నిటికంటే ముందు తేలవలసింది సాస్ రకం. వెనిగర్‌తో ఉడికించినదా, ఉప్పుతో పులియబెట్టినదా, పచ్చిగా రుబ్బి చల్లటి చోట నిల్వ చేసేదా అన్నది నిర్ణయమైతే, దాన్ని ఇంటి వంటగదిలోనే చేయవచ్చా, అద్దె వంటశాల అవసరమా, లేక తయారీని మరొకరికి అప్పగించాలా అన్న రెండో ప్రశ్నకు సగం జవాబు దానంతట అదే దొరుకుతుంది. అందువల్ల ఈ పోలికను అదే వరుసలో రాస్తున్నాను.

## ముందుగా చూసుకోవలసినవి

మొదటిది, మిగతా వాటన్నిటి కంటే బరువైనది, ఆమ్లత. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి గాలి తగలని, తేమ ఉన్న, పులుపు తక్కువైన పదార్థంలో పెరిగి ప్రాణం తీసే విషాన్ని తయారుచేస్తుంది. మూత బిగించిన సీసా దానికి సరిగ్గా అటువంటి చోటు. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువగా ఉన్నప్పుడు ఆ జీవి పెరగలేదు. మిరపకాయ స్వతహాగా అంత పుల్లనిది కాదు. ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ వంటివి కలిపితే పీహెచ్ ఇంకా పైకి పోతుంది. ఇంత కారంగా ఉన్నదానిలో క్రిములు బతకవన్న నమ్మకం చాలామందిలో ఉంటుంది కానీ, సీసాలోని సాస్‌ను కాపాడేది పులుపు, వేడి, శుభ్రత తప్ప కారం కాదు.

పీహెచ్ కొలమానంలో ఒక అంకె తేడా అంటే ఆమ్లతలో పది రెట్ల తేడా. అందుకే అనుభవం ఉన్న తయారీదారులు 4.6 దగ్గర ఆగరు. కొలతలో, కూరగాయల్లో వచ్చే తేడాలకు చోటు వదిలి 4.0 కంటే తక్కువకు గురిపెడతారు. రంగు మారే కాగితపు పట్టీలతో ఈ పని జరగదు, ఎందుకంటే సాస్‌లోని ఎరుపు రంగు కాగితానికి అంటి కొలతను తప్పుదారి పట్టిస్తుంది. రెండు దశాంశ స్థానాల వరకు చూపే మీటరు కొని, వాడే రోజున 4.00, 7.00 ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకుని, సాస్‌ను మెత్తగా రుబ్బి చల్లార్చాక కొలవాలి. ముక్కలున్న సాస్ అయితే పులుపు ముక్క లోపలికి దిగడానికి సమయం పడుతుంది కనుక మర్నాడు మళ్లీ కొలవాలి. ఈ వ్యాపారంలో మొదటి సొమ్ము దేనికి పెట్టాలని ఎవరైనా అడిగితే, సీసాల కంటే ముందు ఈ మీటరుకే అని చెబుతాను.

రెండోది, సొమ్ము ఎంతకాలం సరుకులో ఇరుక్కుపోతుందన్నది. మూడోది, ప్రతి విడతలోనూ అదే రుచి, అదే చిక్కదనం రాబట్టగలరా అన్నది. నాలుగోది మీ చేతి గంటలు. చాలామంది వీటిని ఖర్చులో రాయరు, అందుకే లాభం ఉన్నట్టు కనిపించి ఒంట్లో ఓపిక మాత్రం అయిపోతుంది. ఐదోది అనుమతులు. ఇంట్లో చేసిన ఆహారం అమ్మడానికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో నిబంధన ఉంటుంది. రొట్టెలకు, జామ్‌లకు ఇంటి వంటగదిని అనుమతించే కొన్ని చోట్ల కూడా, పులుపు కలిపి సీసాలో నిల్వ చేసే సాస్‌లను వేరుగా చూసి పరీక్షశాల నివేదిక అడుగుతారు. మీ ప్రాంతపు ఆహార భద్రతా కార్యాలయంలో "హాట్ సాస్" అని పేరు చెప్పి, అందులో వేసే పదార్థాల జాబితా చూపించి అడగండి. "ఇంటి వంట" అని మాత్రమే అడిగితే మరో రకం ఆహారానికి వర్తించే జవాబు దొరకవచ్చు.

## సాస్ రకాల మధ్య ఎంపిక

### వెనిగర్‌తో ఉడికించినది

మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, వెనిగర్ కలిపి ఉడికించి, రుబ్బి, వడకట్టి, వేడిగా ఉండగానే సీసాల్లో నింపే పద్ధతి ఇది. ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి సరుకు చేతికొస్తుంది. పులుపు మీరు కొలిచి పోసినదే కనుక, వెనిగర్ గాఢతను లేబుల్ మీద చూసి ఎప్పుడూ ఒకే శాతం ఉన్నది వాడితే, పీహెచ్ విడత విడతకూ పెద్దగా మారదు. 5 శాతం వెనిగర్‌తో సరిచూసిన సాస్‌లో 4 శాతంది పోస్తే లెక్క తప్పుతుంది. ఇది చాలా చిన్నగా కనిపించే పెద్ద పొరపాటు.

ఇటువంటి పుల్లటి సాస్‌లను సాధారణంగా 82 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వేడి మీద నింపి, మూత బిగించి, ఆ వేడి మూత లోపలి భాగానికి తగిలేలా సీసాను కొద్ది నిమిషాలు తలకిందులుగా ఉంచుతారు. గాజు సీసాలను ముందే వెచ్చచేయకపోతే వేడి సాస్ పోసినప్పుడు పగులుతాయి. మీ సాస్‌కు కచ్చితంగా ఎంత వేడి, ఎంతసేపు అన్నది మాత్రం ఆహార పరీక్షశాల నిపుణులు నమూనా చూసి చెప్పవలసిందే.

దీని లోటు రుచిలో ఉంది. వెనిగర్ ఘాటు ముందుకొచ్చి మిరప వాసన వెనకపడుతుంది, పైగా ఇటువంటి సాస్‌లు అమ్మేవారు ఎక్కువ. పండ్ల గుజ్జు, కాల్చిన కూరగాయలు, మసాలా దినుసులతో ప్రత్యేకత తేవచ్చు గానీ, తీపి, గుజ్జు పెరిగేకొద్దీ అడుగంటడం, పీహెచ్ మారడం కూడా పెరుగుతాయి. సీసాలో నీరు వేరుపడకుండా ఉండాలంటే జాంథన్ గమ్ అనే చిక్కబరిచే పొడి చాలా కొద్దిగా, మొత్తం బరువులో 0.1 నుంచి 0.3 శాతం వరకు, సరిపోతుంది; అంతకు మించితే సాస్ జిగురుగా సాగుతుంది.

### పులియబెట్టినది

ఈ రకం గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మనసు పడేవారు ఎక్కువ, నష్టపోయేవారు కూడా ఇక్కడే ఎక్కువ.

మిరప ముద్దలో దాని బరువులో 2 నుంచి 5 శాతం ఉప్పు కలిపి, గాలి తగలకుండా ఉంచితే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు అందులోని చక్కెరలను పులుపుగా మారుస్తాయి. అంతా సరిగ్గా సాగితే కొద్ది రోజుల్లోనే పీహెచ్ 4.6 కంటే దిగి, వారాలు గడిచేకొద్దీ ఇంకా కిందికి వస్తుంది. అప్పుడు వచ్చే రుచి వెనిగర్ పోస్తే రాదు: పులుపు మెత్తగా ఉంటుంది, మిరప పరిమళం నిలుస్తుంది, నాలుక మీద ఎక్కువసేపు ఉంటుంది. 1868లో మొదలైన అమెరికా హాట్ సాస్ సంస్థ టబాస్కో ఇప్పటికీ మిరప ముద్దను ఓక్ పీపాల్లో మూడేళ్ల వరకు మాగబెట్టి ఆ తర్వాతే వెనిగర్ కలుపుతుందంటే, ఆ కాలం రుచికి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. అయితే పీపాల్లో మూడేళ్లు నిద్రపోయే సరుకును మోయగల సంస్థ ఒకటి, వచ్చే నెల అద్దె కట్టవలసిన మీరు మరొకటి. మూడు వారాలు పులియబెట్టే సాస్ నెలకు ఒకసారే డబ్బు తిప్పగలదు. అదే వెనిగర్ సాస్ అయితే ప్రతి వారం తిప్పుతుంది.

రెండో ఇబ్బంది నిలకడ. వాతావరణం వేడెక్కితే పులియడం వేగంగా సాగి రుచి మారుతుంది, చల్లబడితే నెమ్మదిస్తుంది. ముద్ద ఉప్పునీటి పైకి తేలితే పైన తెల్లటి పొర కడుతుంది, ఒక్కోసారి బూజు పడుతుంది. తెల్లటి పొర సాధారణంగా హాని చేయని ఈస్ట్, కానీ వాసనను పాడుచేస్తుంది. ఆకుపచ్చగానో నల్లగానో నూగులా కనిపించే బూజు పడితే పైభాగం తీసేసి మిగతాది వాడుకోవాలన్న ఆశ వద్దు. అమ్మే సరుకు విషయంలో పాత్ర మొత్తం పారబోయాలి. ఆ నష్టాన్ని ముందే ధరలో లెక్కవేసుకోగలిగినవారే ఈ రకాన్ని ఎంచుకోవాలి.

మూడోది సీసాలో మిగిలే జీవం. పులియడం పూర్తికాని సాస్‌ను వేడి చేయకుండా నింపితే లోపల వాయువు పుట్టి మూత ఎగురుతుంది, సీసా పగలవచ్చు. వేడి చేస్తే ఆ బెడద పోతుంది, పచ్చిదనపు పరిమళం కొంత పోతుంది. నా సలహా అయితే స్పష్టం: మొదటి ఏడాది వేడి చేసి, కొద్దిగా వెనిగర్ కలిపి, పీహెచ్‌ను స్థిరంగా నిలిపి అమ్మండి. జీవం ఉన్న సాస్ అమ్మాలన్న కోరిక ఉంటే దాన్ని చల్లటి నిల్వ ఉన్న దుకాణాలు దొరికాక చూడవచ్చు.

### పచ్చిది, నూనెతో చేసినది

పచ్చి మిరపకాయలు, ఆకులు, నిమ్మరసం కలిపి రుబ్బిన సాస్ రుచిలో అన్నిటికంటే తాజాగా ఉంటుంది. కానీ తయారీ నుంచి గిరాకీదారు ఇంటి వరకు చల్లదనం తెగకూడదు, రోజుల్లోనే అమ్ముడుపోవాలి, దూరానికి పంపడం కుదరదు. వారానికోసారి నేరుగా తెలిసినవారికి అమ్మేవారికి తప్ప ఇది తొలి వ్యాపారంగా పనికిరాదు. వెల్లుల్లి ముక్కలను నూనెలో ముంచి చేసే సాస్ గురించి మరింత గట్టిగా చెప్పాలి: నూనె ముక్కను కప్పేసి పులుపును లోపలికి పోనివ్వదు, గాలిని కూడా ఆపుతుంది, అంటే పైన చెప్పిన బొట్యులినమ్‌కు కావలసిన స్థితి తయారవుతుంది. నిపుణుల పర్యవేక్షణలో పరీక్షించిన పద్ధతి లేకుండా దీన్ని అమ్మకండి.

### కారం ఎంత ఉండాలి

కారాన్ని కొలిచే పద్ధతిని అమెరికా ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ 1912లో రూపొందించారు. ఆ కొలమానంలో హాలపెన్యో మిరప 2,500 నుంచి 8,000 వరకు ఉంటే, 2023లో గిన్నిస్ రికార్డు పొందిన పెప్పర్ ఎక్స్ అనే మిరప సగటున సుమారు 26.9 లక్షలు. ఆ పోటీలోకి దిగాలన్న ఉత్సాహం కొత్తవారిలో కనిపిస్తుంది. చుక్క వేస్తే చాలనిపించే సాస్ మొదటిసారి సులువుగా అమ్ముడవుతుంది, కానీ ఆ సీసా ఖాళీ కావడానికి నెలలు పడుతుంది. మధ్యస్థమైన కారం ఉన్నది భోజనానికి భోజనానికీ వాడకంలోకి వచ్చి త్వరగా మళ్లీ కొనిపిస్తుంది. చిన్న వ్యాపారం నిలిచేది ఆ రెండో కొనుగోలు మీద. ఒకే రకం మిరపలో కూడా నేల, నీరు, ఎండ బట్టి కారం మారుతుంది కనుక, విడతకొక మిరప లోడు కాకుండా రెండు మూడు లోడ్లను కలిపి వాడితే తేడా తగ్గుతుంది.

## ఎక్కడ తయారుచేయాలి

| చూసేది | ఇంటి వంటగది | గంటల అద్దె వంటశాల | కాంట్రాక్ట్ తయారీదారు |
|---|---|---|---|
| మొదటి ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ, ముందుగానే చెల్లించాలి |
| ఒక విడత పరిమాణం | పదుల సీసాలు | వందల సీసాలు | తరచుగా వందల నుంచి వేల వరకు కనీస ఆర్డరు |
| రుచి మీద అదుపు | పూర్తిగా మీది | పూర్తిగా మీది | పంచుకోవాలి |
| మీ చేతి గంటలు | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ, కానీ పర్యవేక్షణ ఉంటుంది |
| అనుమతులు | ప్రాంతాన్ని బట్టి, ఒక్కోచోట అసలు దొరకవు | వంటశాలకు ఉంటాయి, మీకు విడిగా కావాలి | తయారీవి వారి దగ్గర ఉంటాయి |
| పులియబెట్టడానికి | చోటు చిన్నది, వాసన సమస్య | వారాలపాటు పాత్రలు ఉంచనివ్వకపోవచ్చు | ఆ సౌకర్యం ఉన్నవారు తక్కువ |

ఇంటి వంటగదికి ఉన్న అసలు పరిమితి స్థలం కాదు, ఘాటు. పది లీటర్ల మిరప ముద్ద ఉడుకుతున్నప్పుడు లేచే ఆవిరికి ఇంట్లో వాళ్లకే కాదు, పక్కింటి వాళ్లకూ పొలమారుతుంది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉన్న ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదు. చేతి తొడుగులు, కంటి అద్దాలు, గాలిని బయటికి లాగే ఫ్యాను తప్పనిసరి. కారం నీటితో పోదు, ముందు నూనె రాసి ఆపై సబ్బుతో కడగాలి.

ఇక గంటల లెక్క చూడండి. పది లీటర్ల సాస్‌లో పాత్రకు అంటి, వడపోతలో పోయేది 5 శాతం అనుకుంటే, 148 మిల్లీలీటర్ల పొడవాటి మెడ సీసాలు 64 వస్తాయి. నింపడం, మూత బిగించడం, తుడవడం, లేబుల్ అంటించడం, మూత మీద రక్షణ పట్టీ వేయడం కలిపి సీసాకు 3 నిమిషాలు అనుకున్నా, అది 192 నిమిషాలు. కోయడం, ఉడికించడం, రుబ్బడం, పాత్రలు కడగడం ఇందులో చేరలేదు. రోజంతా నిలబడి 64 సీసాలు అన్నది నెలకు రెండుసార్లు చేసేవారికి సంతోషం, వారానికి మూడుసార్లు చేసేవారికి భారం.

అద్దె వంటశాల ఇంటి వంటగదికీ, కాంట్రాక్ట్ తయారీకీ మధ్య వంతెన వంటిది, నా దృష్టిలో ఎక్కువమందికి సరైన రెండో మెట్టు. పెద్ద పొయ్యి, పెద్ద పాత్ర, గాలి పోయే ఏర్పాటు, తనిఖీ జరిగే గది దొరుకుతాయి. ఒప్పందానికి ముందు మూడు సంగతులు అడగాలి: మిరప వండటానికి ఇతర అద్దెదారుల అభ్యంతరం ఉందా, సరుకును రాత్రికి ఉంచుకోవచ్చా, అదే గదిలో వేరుశనగ, గోధుమ వంటి అలర్జీ కలిగించే పదార్థాలు వాడుతున్నారా. మూడోదాని జవాబు మీ లేబుల్ మీదికి ఎక్కవలసి రావచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు సాస్‌ను పూర్తిగా పెద్ద కొలతకు పెంచకుండా రెండింతలకే పెంచి చూడండి. పెద్ద పాత్ర వేడెక్కడానికి, చల్లారడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆవిరయ్యే నీటి వాటా మారుతుంది, అందుకే ఇంట్లో వచ్చిన రంగు, చిక్కదనం అక్కడ రావు. గరిటెలు, గ్లాసుల కొలతలు వదిలి ప్రతిదాన్నీ గ్రాముల్లో రాసుకున్నవారు ఈ మార్పును తేలికగా దాటుతారు.

కాంట్రాక్ట్ తయారీదారు దగ్గరికి వెళ్లేవారు రెండు విషయాలు మరిచిపోకూడదు. మీ సాస్‌ను వారి యంత్రాలకు తగ్గట్టు మారుస్తారు: ముక్కలు ఉంటే నింపే నాళం మూసుకుపోతుందని మెత్తగా రుబ్బమంటారు, తాజా మిరప బదులు నిల్వ ముద్ద వాడదామంటారు. ఆ మార్పు తర్వాతి నమూనాను మీరు, మీ పాత గిరాకీదారులు రుచి చూడకుండా సంతకం చేయవద్దు. రెండోది, సాస్ తయారీ విధానం ఎవరి సొత్తు అన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి; మాట మీద నడిపిన సంబంధం తెగినప్పుడు విధానం వారి దగ్గరే మిగిలిపోతుంది.

## అమ్మే దారి ధరను ఎలా మారుస్తుంది

దీని గురించి ఒక్క లెక్క చాలు. సీసా చివరి ధర 100 పాళ్లు, మీ ఖర్చు 40 పాళ్లు అనుకుందాం. నేరుగా అమ్మితే 60 మిగులుతాయి. దుకాణం 35 పాళ్లు తీసుకుంటే మీకు 25 మిగులుతాయి. మధ్యలో పంపిణీదారు మరో 20 తీసుకుంటే మిగిలేది 5. నేరుగా అమ్మినప్పుడు బాగున్న వ్యాపారం దుకాణాల్లోకి వెళ్లగానే ఎందుకు కుంగిపోతుందో ఈ మూడు అంకెలు చెబుతాయి. మొదటి రోజు పెట్టే ధరలోనే దుకాణపు వాటాకు చోటు ఉంచాలి, తర్వాత ధర పెంచడం కంటే అది తేలిక.

## ఎవరికి ఏది

ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో మాత్రమే సమయం దొరికేవారు వెనిగర్ సాస్‌తో, ఒకే ఒక్క రుచితో మొదలుపెట్టడం మంచిది. ఇంటి తయారీకి అనుమతి ఉన్న చోట నెలకు రెండు విడతలు ఇంట్లో చేసి, ఆర్డర్లు రెండు మూడు నెలలు వరుసగా మిగిలిపోతూ ఉంటే అద్దె వంటశాలకు మారండి. అనుమతి లేని చోట మొదటి నుంచే అద్దె వంటశాల. మొహమాటానికో, ఖర్చు మిగులుతుందనో నిబంధన దాటి తెలిసినవారికి అమ్మడం వద్దు, ఎందుకంటే సాస్ వల్ల మొదట జబ్బుపడేది ఆ తెలిసినవారే.

సొంత పొలంలోనో పెరట్లోనో మిరప పండించేవారికి పులియబెట్టడం నిజంగా లాభిస్తుంది. కోత ఒక్కసారిగా వచ్చినప్పుడు పండును పారేయకుండా ముద్దగా మార్చి ఏడాది పొడవునా వాడుకోవచ్చు; వారికి ఇరుక్కుపోయే సొమ్ము కూడా తక్కువ. మిరప కొని తెచ్చుకునేవారికి ఈ అనుకూలత లేదు, వారు పులియబెట్టిన సాస్‌ను రెండో రుచిగా, చిన్న విడతల్లో తేవాలి.

దుకాణాల నుంచి పెద్ద ఆర్డరు ముందే చేతిలో ఉన్నవారికి కాంట్రాక్ట్ తయారీ సరైనది. ఆర్డరు లేకుండా, రేపు వస్తుందన్న ఆశతో వెయ్యి సీసాలు చేయించేవారికి మాత్రం కాదు. నిల్వ గడువు నెలల్లో కరిగిపోతుంటే తక్కువ ధరకు వదిలించుకోవలసి వస్తుంది.

ఇల్లు గడవడం ఈ వ్యాపారం మీదే ఆధారపడినవారు పైన చెప్పిన పాళ్ల లెక్కను తమ ఖర్చులతో, తమ గంటలకు కూలి కలిపి వేసుకున్నాకే అడుగు వేయాలి. కూలి కలిపాక నేరుగా అమ్మినా సగం పాళ్లు కూడా మిగలకపోతే, సాస్ రకాన్నో సీసా పరిమాణాన్నో మార్చాలి తప్ప ఎక్కువ సీసాలు అమ్మి సరిచేద్దామని చూడకూడదు.

ఏ దారి పట్టినా మొదటి అమ్మకానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది: వేర్వేరు రోజుల్లో మూడు విడతలు చేసి, ప్రతి దానికీ ఒక సంఖ్య ఇచ్చి, పదార్థాల బరువులు, నింపినప్పటి వేడి, మర్నాటి పీహెచ్ ఒక పుస్తకంలో రాయాలి. ఒక్కో విడత నుంచి రెండేసి సీసాలు గది వేడిలో పక్కన పెట్టి, ఒకటి పరీక్షశాలకు పంపాలి. మూడు విడతల అంకెలు దగ్గరదగ్గరగా వచ్చి, పక్కన పెట్టిన సీసాల్లో వాయువు గానీ బూజు గానీ కనిపించకపోతే, అప్పుడు లేబుల్ మీద ఏ పేరు వేయాలన్న ఆలోచనకు కూర్చోవచ్చు.